పోర్టు రాయుడు

నంబరు మార్చకుండా మొబైల్ కంపెనీని మాటిమాటికీ మార్చే వినియోగదారుణ్ని పోర్టు రాయుడు అనవచ్చు. తెలుగునాట ఈ జాతి లేని అపార్ట్‌మెంటు ఉండదు. పెళ్లిపందిట్లో అయితే వెతకనక్కర్లేదు, తనే వచ్చి పక్కవాడి ఫోను చేతిలోకి తీసుకుని, తెర మీది గీతలు లెక్కపెట్టి, "ఇంకా ఇందులోనే ఉన్నారా?" అని జాలిపడతాడు. చదువు, ఉద్యోగం, ఆస్తిపాస్తులతో ఈ లక్షణానికి సంబంధం లేదు. నెలకు యాభై రూపాయలు మిగిలితే సంతోషించే బజ్జీ కొట్టు యజమానిలోనూ, ఆ యాభైని అక్కడే టిప్పుగా వదిలేసే ఇంజనీరులోనూ రాయుడు ఉంటాడు.

ఈ జాతి పుట్టుకకు కచ్చితమైన తేదీ ఉంది. నంబర్ పోర్టబిలిటీ 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటా అమల్లోకి వచ్చింది. అంతకుముందు కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవాలి. బ్యాంకుకి, గ్యాస్ ఏజెన్సీకి, పిల్లల బడికి, పెళ్లి సంబంధాల పేరయ్యకి కొత్త నంబరు చెప్పుకోవాలి. ఆ తంటా పడలేక జనం సర్దుకుపోయేవారు. పంతొమ్మిది రూపాయల రుసుముతో ఆ సర్దుబాటు తీరిపోయింది. 2015 జూలై 3 నుంచి ఒక టెలికాం సర్కిల్ నంబరును మరో సర్కిల్‌కు మోసుకెళ్లే వీలు కూడా వచ్చింది. దీనివల్ల బెంగళూరు, చెన్నై వెళ్లిన రాయుళ్లు బాగుపడ్డారు. హైదరాబాదు నుంచి గుంటూరు వచ్చిన రాయుడికి మాత్రం ఒరిగిందేమీ లేదు. 2014లో రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కల్లో రెండూ కలిసి ఇప్పటికీ ఒకటే సర్కిల్, ఊరు మారానన్న సాకు అక్కడ పనిచేయదు.

రాయుడు చెప్పే కారణాల్లో మొదటిది సిగ్నల్. ఇది సగం నిజం. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గోడలు దాటి లోపలికి వచ్చినంత బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు రాలేవు. కాబట్టి వీధిలో దూసుకుపోయే నెట్టు పడగ్గదిలో గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. ఏ కంపెనీ టవరు ఏ వైపుందో, మధ్యలో ఎన్ని అంతస్తులు లేచాయో దాన్నిబట్టి ఒకే ఇంట్లో ఒక్కో గదికి ఒక్కో కంపెనీ నప్పుతుంది. రాయుడు ఇదంతా సొంత ప్రయోగాలతో తేల్చుకున్నవాడు. వంటింటి కిటికీ దగ్గర రెండు గీతలు, బాల్కనీలో బట్టలారేసే తీగ పక్కన నాలుగు, లిఫ్టులో సున్నా అని ఇంటి పటం గీసి ఇవ్వగలడు. ముఖ్యమైన ఫోను వస్తే చెప్పులు కూడా వేసుకోకుండా మేడెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడి "ఇప్పుడు వినబడుతోందా?" అంటాడు. అవతలివాళ్లకి మొదటినుంచీ వినబడుతూనే ఉంటుంది. తెగిపోయేది వాళ్ల మాటే.

రెండో కారణం డబ్బు. ఇరవై ఎనిమిది రోజుల ప్యాకును నెల ప్యాకు అని అమ్మితే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు పడతాయని వీధిలో అందరికంటే ముందు పసిగట్టింది రాయుడే. ముప్ఫై రోజుల ప్యాకు కనీసం ఒకటైనా పెట్టి తీరాలని 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించినప్పుడు, ఆ ఘనత కొంత తనకూ దక్కాలన్నట్టు మాట్లాడాడు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి మాటలూ నెట్టూ ఉచితమన్న రోజులు ఇతడి జీవితంలో స్వర్ణయుగం. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచినప్పుడు, ఒకప్పుడు తను వెక్కిరించిన బీఎస్ఎన్ఎల్ వైపు నడిచినవాళ్లలో ఇతడూ ఉన్నాడు. అప్పుడు దేశభక్తి కూడా కారణాల జాబితాలోకి చేరింది. ఒక లెక్క మాత్రం రాయుడు ఎప్పుడూ వేయడు. పోర్టు పెడితే పాత ప్యాకులో మిగిలిన రోజులూ బ్యాలెన్సూ పోతాయి. నెలకు ముప్ఫై రూపాయలు ఆదా చేయడానికి యాభై రోజుల వాలిడిటీని గాలికొదిలేసి, మర్నాడు ఆఫీసులో ఆ ముప్ఫై గురించే చెబుతాడు.

మూడోది ఉక్రోషం. సిగ్నలూ ధరా పైకి చెప్పుకునే కారణాలు, లోపల పనిచేసేది చాలాసార్లు ఇదే. అడగని కాలర్ ట్యూన్ తగిలించి డబ్బులు కోసుకున్నారు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటి నొక్కమని, రెండు నొక్కమని, తొమ్మిది నొక్కితే మళ్లీ మొదటికే తెచ్చారు. మనిషి గొంతు వినబడే వేళకి లైను కట్టయింది. అన్నిటికీ మించి, పక్కింటాయన కొత్తగా చేరితే అతనికి అదనపు డేటా ఇచ్చి, ఆరేళ్లుగా ఉన్న తనకి పండగ శుభాకాంక్షల మెసేజ్ పెట్టారు. కొత్త కస్టమరుకు కొత్త అల్లుడి మర్యాద, పాతవాడికి ఇల్లరికపు మర్యాద అన్నది రాయుడి ఆరోపణ. ఈ ఆరోపణలో అన్యాయమేమీ లేదు. పోర్టు మెసేజ్ పెట్టిన గంటలో కంపెనీ నుంచి తియ్యని గొంతుతో ఫోను వస్తుంది: "సార్, ఎందుకు వెళ్లిపోతున్నారండీ?" రాయుడు ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాడు. కాలర్ ట్యూన్ నుంచి మొదలుపెట్టి వివరంగా చెబుతాడు. కొందరు రాయుళ్లు ఆ ఒక్క ఫోనుతో తృప్తిపడి ఆగిపోతారని కూడా గమనించవచ్చు.

నాలుగో కారణం బావమరిది. విడమరచి చెప్పనక్కర్లేదు.

పోర్టు ప్రక్రియకు ఒక పద్ధతి ఉంది. పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, పది అంకెల నంబరు వేసి 1900కి పంపితే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఎనిమిది స్థానాల కోడ్ వస్తుంది. మన సర్కిల్‌లో అది నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని పట్టుకుని రాయుడు నాలుగురోడ్ల కూడలిలో రంగుల గొడుగు కింద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న కుర్రాడి దగ్గరికి వెళతాడు. ఆ కుర్రాడు నిరుడు ఇదే స్టూలు మీద వేరే రంగు గొడుగు కింద కూర్చుని పాత కంపెనీ సిమ్ము అమ్మినవాడే. ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు. వేలిముద్ర ఒకసారి పడదు, వేలు చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాలి. ఫోటోకి కళ్లార్పమంటే రాయుడు నోరు తెరుస్తాడు. మూడు పనిదినాల్లోపు ఏదో ఒక వేళ పాత సిమ్ము చచ్చిపోతుంది. సిమ్ము తీసే పిన్ను డబ్బాలోనే ఉంటుంది, కానీ ఆ డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంటావిడ చెవిదిద్దు కాడతో ట్రే బయటికి వస్తుంది. కొత్త సిమ్ము పడ్డ పది నిమిషాల్లో చుట్టాలందరికీ ఫోన్లు వెళతాయి, "ఊరికే, ఎలా వినబడుతోందో చూద్దామని".

ఆ తర్వాత ప్రచారం మొదలవుతుంది. స్పీడు టెస్టు అంకెల్ని ఫోటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వాచ్‌మన్ చేత, పాలబ్బాయి చేత, మూడో అంతస్తు మాస్టారి చేత పోర్టు పెట్టిస్తాడు. ఒక టవరుకున్న సామర్థ్యాన్ని ఆ ప్రాంతంలో దాని మీద ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. కాబట్టి బ్లాకు బ్లాకంతా తన వెంట కదిలొచ్చాక, రాత్రి తొమ్మిదింటికి అందరూ సినిమాలు పెట్టే వేళకి నెట్టు మళ్లీ నీరసపడుతుంది. "మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు చెడగొట్టారు" అంటాడు రాయుడు. చెడగొట్టింది ఎవరో మూడో అంతస్తు మాస్టారికి తెలుసు.

ఇతడికి పూర్తిగా భిన్నమైన జాతి ఇంట్లోనే ఉంటుంది. ఇంటావిడ ఇన్నేళ్లూ ఒకే కంపెనీలో ఉంది. గీతల గురించి ఎన్నడూ మాట్లాడలేదు. రాయుడి ఫోను మూగబోయిన రాత్రుల్లో ఇల్లంతా నడిచేది ఆమె హాట్‌స్పాట్ మీదే. 9440తో మొదలయ్యే బీఎస్ఎన్ఎల్ నంబరును కదల్చకుండా దాచుకున్న రిటైర్డు ఉద్యోగులదీ ఈ జాతే. వాళ్లకి ఫోను మాట్లాడటానికి మాత్రమే పనికొస్తుంది.

రాయుడికి చట్టం వేసిన సంకెల ఒకటుంది. చేరిన కంపెనీలో తొంభై రోజులు గడిస్తే గానీ మళ్లీ పోర్టు పెట్టడానికి వీల్లేదు. ఈ తొంభై రోజులూ క్యాలెండరులో పాలలెక్క పక్కన టిక్కులు పడుతుంటాయి. రెండు సిమ్ముల ఫోన్లు వచ్చాక, చెరో కంపెనీ పెట్టుకుని ఈ జాతి స్థిరపడుతుందని కొందరు అనుకున్నారు. అలా జరగలేదు. ఒక సిమ్ముకి తొంభై రోజులు నడుస్తుండగా రెండోదానికి పూర్తయ్యేలా రాయుడు ముహూర్తాలు సర్దుకున్నాడు. ఇప్పుడు నెలన్నరకోసారి గొడుగు కిందికి వెళుతున్నాడు.