ఉమ్మడి వీధి గుమ్మము

ఒకే డిస్కునందు విండోసును లినక్సును కాపురము పెట్టించుట కలహమూలమనియు, చెరియొక డిస్కు పంచి యిచ్చినచో ఎవరి యిల్లు వారిదై శాంతి వర్ధిల్లుననియు లోకమున నొక ప్రబల విశ్వాసము కలదు. మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేయు కుఱ్ఱవాడును, "రెండు హార్డ్ డిస్కులు పెట్టించుకోండి మాష్టారూ, ఇక దానికీ దీనికీ సంబంధమే ఉండదు" అని నాకు అభయమిచ్చెను. వాటాలు పంచుకొనియు వీధి గుమ్మమును మాత్రము ఉమ్మడిగా నుంచుకొన్న అన్నదమ్ముల సంసార మాతడు చూచి యెఱుగడు.

ఆ గుమ్మము పేరు ఈఎఫ్ఐ విభాగము. విండోసు తనకై కల్పించుకొనునది సాధారణముగా 100 మెగాబైట్లు మాత్రమే. కాని అట్టిది మొదటి డిస్కునందు ముందే యున్నచో, రెండవ డిస్కునకు వచ్చిన వ్యవస్థ, తన సామానంతయు తన వాటాలో దించుకొనియు, బూటు ఫైలును మాత్రము తఱచుగా అన్నగారి గుమ్మమునకే వ్రేలాడదీయును. ముసలిదైన మొదటి డిస్కును నేను ఊడదీయించిన దినమున, రెండవదానియందు సంపూర్ణారోగ్యముతో నున్న లినక్సు, బూటు చేయదగిన పరికరమే లేదను నల్లతెర వెనుక మూగవోయెను. కుఱ్ఱవాడు చూచి, "ఇది కూడా పోయిందండీ" అని, ప్రాణముండగనే దానికి కర్మ చేయబూనెను!

ఈ అన్నదమ్ముల వ్యాజ్యములలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది కాలవివాదము. మదరుబోర్డుపై బిళ్ళంత బ్యాటరీ పోషించు గడియార మొక్కటే. అందున్నది స్థానికకాలమని విండోసు, డాస్ నాటినుండి వచ్చిన కులాచారముగా, నమ్మును. సార్వత్రిక కాలమని లినక్సు వాదించును. శీతకాలమున లండనువారికి ఈ తగవు పుట్టనే పుట్టదు. మనకు మాత్రము సరిగా 5.30 గంటల యెడము. రాత్రి ఎనిమిదింటికి లినక్సును కట్టి విండోసును తెఱచితినా, అది మధ్యాహ్నము రెండున్నర యనును; వంటింటినుండి మా ఆవిడ కంచముల చప్పుడు చేయుచుండగా నే నెవరి మాట నమ్మవలయును? స్థానికకాలమునే పాటింపుమని లినక్సునకు ఒక్క ఆజ్ఞ యిచ్చినచో, అది పెద్దమనసుతో అంగీకరించును.

2012లో విండోసు 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మఱియొక విచిత్రము. షట్‌డౌన్ చేసితిమని మనము లేచిపోదుము. అది సగము యోగనిద్రలో నుండును. నిద్రించువాని పెట్టె ముట్టరాదను మర్యాదచేత, లినక్సు ఆ డిస్కులోని ఫైళ్ళను చదువనిచ్చునే కాని తఱచుగా వ్రాయనీయదు. ఆ సౌకర్యమును ఆపివేయుటయే మందు.

కావున, పాఠక మహాశయులారా, రెండవ వ్యవస్థను ప్రతిష్ఠించు ముహూర్తమున మొదటి డిస్కు కేబులును ఊడదీసి ఉంచుడు; పని ముగిసిన పిమ్మట తగిలించి, ఏది కావలసిన దానిని బూటు మెనూలో ఎన్నుకొనుడు. అంత శ్రమ యెందుకండీ యని కుఱ్ఱవాడు బద్ధకించినచో, స్క్రూడ్రైవరు మీరే పట్టుడు.