ప్రేమజంటకు దిష్టి తగలకుండా నవల చదవడం ఎలా?

తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సెక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని యద్దనపూడి సులోచనారాణి నవల తెరవండి. మైలవరం వచ్చేలోగా హీరోకి కోపం వస్తుంది. కంగారుపడకండి, అది ప్రేమే. మన వైపు సంబంధం మాట్లాడేటప్పుడు మామిడితోట ఎన్నెకరాలని అడిగితే బేరం. నవల్లో పడవలాంటి కారునీ బంగళానీ వర్ణిస్తే అనురాగం. ఈ తేడా తెలియనివాళ్ళు నవలలు చదవకూడదు.

ఆవిడ 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానాన్ని మనసారా మెచ్చుకోండి. ఉద్యోగం చేసే ఆడపిల్లను కథానాయికను చేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. యద్దనపూడిని వెక్కిరించేవాళ్ళు చాలామంది ఆవిణ్ణి దిండు కింద పెట్టుకుని చదివినవాళ్ళే. హీరో రాజశేఖరం చెయ్యి పట్టుకున్నాక ఆ జీతం ఏమైందని మాత్రం అడగొద్దు. శుభం కార్డు పడ్డాక ఫస్టు తారీఖు రాదు.

'దేవదాసు' (1953) సినిమా చూస్తూ ఆయన గుండె ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టండి. అంతకుముందు కర్రదెబ్బకి పార్వతి నుదురు పగిలిన సంగతి మర్చిపోండి. తాగి చచ్చేది ఆయన కనక కన్నీళ్ళూ ఆయనకే. 2017 నాటి సినిమాలో అర్జున్ రెడ్డి క్లాసులోకెళ్ళి ఫలానా పిల్ల తనదని చాటింపు వేస్తాడు. "ఆ పిల్లనీ ఓ మాట అడగొచ్చుగదమ్మా" అని పక్కసీటు పిన్నిగారంటే, ఎండగా ఉంది, కాస్త కిటికీ వెయ్యమనండి.

చలం 'మైదానం' (1927)తో మరీ జాగ్రత్త. రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోయే చోట చప్పట్లు కొట్టండి. లేదా పుస్తకం విసిరికొట్టండి, అదీ ఆచారమే. ఏదైనా అక్కడితో ఆపేయాలి. ముందుకెళితే, కడుపు తీయించుకోమని అమీర్ పట్టుబట్టడం, ఇంకో అమ్మాయి మీద మనసుపడి ఆమెను ఒప్పించే పని రాజేశ్వరికే అప్పజెప్పడం కంటబడతాయి. తాళి కట్టకుండా కూడా మొగుడు కావచ్చని తెలిసిపోతుంది.

ఓల్గా 'స్వేచ్ఛ' (1987) జోలికి అసలే పోవద్దు. అరుణ, ప్రకాశం ప్రేమించే పెళ్ళి చేసుకుంటారు. ఇతర నవలలు మర్యాదగా ఆగిపోయే ఆ చోట ఇది ఆగదు. ప్రకాశం రాక్షసుడేం కాదు, అదే ఇబ్బంది. మనకు తెలిసిన అల్లుళ్ళందరి పోలికలూ కనిపిస్తాయి. చివరికి అరుణ ఇల్లు వదిలి వెళ్తుంది.

పెళ్ళిచూపులున్న వారం ఈ పుస్తకం అమ్మాయి కంటపడనివ్వకండి. అబ్బాయికిచ్చినా ఫర్వాలేదు, చదవడు.