ప్రైమర్ సేనాపతి

చింతల్ నుంచి సుచిత్ర దాకా ఏ కాలనీలోకి తిరిగినా రెడ్ ఆక్సైడ్ గేటు ఒకటైనా ఎదురొస్తుంది. "పై రంగు సంక్రాంతికి వేయిద్దాంలే" అని గృహప్రవేశం నాడు వదిలేసిన గేటు అది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతుంటుంది. అలాంటి గేటు మనిషి జన్మ ఎత్తితే ఎలా ఉంటుందో చూడాలంటే కుత్బుల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటుకి రండి. నాలుగో అంతస్తులో ప్రైమర్ సేనాపతి ఉంటాడు.

పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి సైన్యం. సైన్యమంటే చూపుడువేలంత కూడా లేని ప్లాస్టిక్ సిపాయిలు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1987లో వార్‌హ్యామర్ 40,000 అనే యుద్ధాల ఆట మొదలుపెట్టింది. దానికి ఖండాలు దాటి భక్తులున్నారు. చేతులు వేరు, తలలు వేరుగా వచ్చే బొమ్మల్ని కత్తిరించి, అతికించి, ప్రైమర్ కొట్టి, రంగులేసి, బల్ల మీద మోహరించి, పాచికలు వేసి కొట్టుకోవాలి. మనవాడు అతికించడంలో పులి. ప్రైమర్ దగ్గరికొచ్చేసరికి సింహం. రంగు మాటెత్తితే మాత్రం ఫోనొచ్చిందంటూ బాల్కనీలోకి వెళ్లిపోతాడు.

"ప్రైమర్ అంత అవసరమా బాబూ?" అని పొరపాటున అడిగారా, లిఫ్టు మీ ముందే నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది. నున్నటి ప్లాస్టిక్ మీద ఆక్రిలిక్ రంగు నిలవదు, గోరు తగిలితే చాలు పెచ్చులూడుతుంది, ప్రైమర్ పడితే సన్నటి గరుకు వచ్చి రంగుని పట్టుకుంటుంది. ఇంతవరకూ ఏ పెయింటర్ మేస్త్రీనడిగినా చెప్పేదే. వేదాంతం ఆ తర్వాత మొదలవుతుంది. నల్ల ప్రైమరైతే సందుల్లో నీడలు ముందే సిద్ధం. తెల్లదైతే పైన వేసే ఎరుపూ పసుపూ వెలుగుతాయి. నలుపు కొట్టి, ఆరాక పైనుంచి తెలుపు చల్లితే నెత్తిన ఎండ పడ్డట్టుంటుంది. మూడింటిలో ఏది మేలో తేలక మధ్యలో ఉన్న బూడిద రంగు దగ్గర ఆగాడు. ఆగడం అతనికి బాగా అలవాటు.

ఆదివారం పొద్దున టెర్రస్ మీద చూడాలి అతని దర్జా! థమ్సప్ మూతల మీద డబుల్ టేపుతో ఒక్కో సిపాయినీ నిలబెట్టి, ఫ్రిజ్ అట్టపెట్టెలో వరస పేరుస్తాడు. స్ప్రే డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, రెండు నిమిషాలు ఊపుతాడు. లోపలి గోలీ టకటకలకి కింది ఫ్లాట్లలో నిద్రలు ఎగిరిపోతాయి. ఇక జానెడు దూరం నుంచి ఇటొక విసురు, అటొక విసురు. దగ్గరగా కొడితే రంగు పేరుకుని సిపాయికి ముక్కూ మూతీ మిగలవు. మరీ దూరం నుంచి కొడితే గాలిలోనే ఆరిపోయి, పొడిపొడిగా రాలుతుంది. అబద్ధమెందుకు, ఆ చేతి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది.

గాలి మాత్రం అతని మాట వినదు. ఓసారి పక్క ఫ్లాటు పిన్నిగారి సగ్గుబియ్యం వడియాలు ఓ అంచున బూడిద రంగుకి తిరిగాయి. "ఇవి వేయిస్తే తినొచ్చా నాయనా?" అని ఆవిడ ఏడుపుమొహంతో అడిగింది. అతను వంగి, ఒక వడియాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఎంత సమంగా పడిందో చూశారా ఆంటీ! ఎక్కడా కారలేదు" అన్నాడు.

వానాకాలం వస్తే ఇంకో తంతు. గాలిలో తేమ ఉంటే పూత గరుకు తేలుతుంది, నిజమే. అందుకని ఫాక్స్ సాగర్ దిక్కుకి తిరిగి, చెరువుని శత్రుదేశంలా చూస్తాడు. "గాలి అటునుంచే వస్తోందండీ, ఈ బ్యాచ్ పోయింది" అంటాడు. మరునాడు సిపాయిలందరికీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో స్నానం. పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, మళ్లీ ప్రైమర్. ఒంటి మీద ఒక్క రంగు చుక్కయినా పడకుండా ఇన్నిసార్లు తలంటు పోసుకున్న సైన్యం ఇంకోటి ఉండదు.

వాళ్లమ్మగారిది విజయవాడ వైపు. ఆవిడ నోరు తెరిచేలోపే కొండపల్లిని అడ్డం పెట్టుకుంటాడు. "అక్కడ మాత్రం ఊరికే రంగేస్తారా అమ్మా? తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికి, సున్నం పూసి, అప్పుడు కదా కుంచె పట్టేది!"

"పడతారుగా మరి" అంది ఆవిడ, బీరకాయ తొక్కు తీస్తూ.

దానికి జవాబు లేక కాదు, ఎక్కువై సతమతమవుతాడు. సిపాయిలు ఏ దళమో తేలలేదు. నీలమంటే అందరూ వేసేదే, ఎరుపంటే రెండు పూతలు కావాలి. సన్న కుంచె ఆర్డరులో ఉంది. అసలు కారణం నాకు తెలుసు. ప్రైమర్‌లో ఉన్నంతకాలం సిపాయి మీద ఏ తప్పూ ఉండదు. కంటిపాప ఒకవైపు జారదు, మీసం వంకర పోదు. రంగేస్తే అది అతని పనితనం అవుతుంది, వేయనంతకాలం అతని ప్రతిభ.

ఆటకేమో ఈ తర్కం పట్టదు. 2020లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్‌లో 100 పాయింట్లకి 10 రంగులేసిన సైన్యానికే పెట్టారు. అంటే మొదటి పాచిక పడకముందే మనవాడు పది పాయింట్లు పోగొట్టుకున్నాడు. "పదేగా! తొంభై ఉన్నాయి" అన్నాడు నాతో. ఆ ధీమా చూసి నాకే రెండు డబ్బాలు కొనిపెట్టాలనిపించింది.

మొన్న మెట్ల దగ్గర కొత్త డబ్బాతో ఎదురయ్యాడు. ఇది ప్రైమర్ కాదు, రంగంతా అయ్యాక అది చెదరకుండా కొట్టే వార్నిష్. నా కళ్లు చెమర్చినంత పనైంది. "మొత్తానికి రంగులేశావన్నమాట!" అన్నాను.

"లేదండీ" అన్నాడు. "ప్రైమర్ పాడవకుండా."