నా వెనక వెలుగు పెట్టండి

నేను ఒక నెగిటివ్‌ని. నలుపు తెలుపు నెగిటివ్‌ని. పొడవూ వెడల్పూ సమానంగా అయిదున్నర సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాను. అంచున సన్నటి అక్షరాల్లో ఆర్వో అని నా ఇంటిపేరు ఉంటుంది. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్‌లో తయారై, సముద్రాలు దాటి, రాజమండ్రిలో ఒక కొట్టు అద్దాల బీరువాలోకి చేరిన 120 రీలు మాది. ఆ రీలులో పన్నెండు బొమ్మలు. వాటిలో నేనొకదాన్ని.

నాకు బొమ్మ పడింది 1979 గోదావరి పుష్కరాల్లో, పుష్కర రేవులో. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా పట్టుకున్నది ఒక ఇంటి పిల్లల మేనమామ. మోకాలిలోతు నీళ్లలో తండ్రి, ఆయన చెయ్యి పట్టుకుని కొడుకు, పక్కన కూతురు. మీట నొక్కాడు. కన్ను మూసి తెరిచేంతలో నా ఒంట్లోకి వెలుగు వచ్చి వెళ్లిపోయింది.

నా ఒంటి మీద జిలటిన్ పొర ఉంటుంది. అందులో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుగు తగిలిన రేణువులు డెవలపర్‌లో నల్లటి వెండిగా మారతాయి. తగలనివి హైపో ద్రావణంలో కరిగిపోతాయి. అందుకే మీకు తెల్లగా కనిపించిన ఆకాశం నాలో చిక్కటి నలుపు, మీ నల్లటి జుట్టు నాలో అద్దంలాంటి తెలుపు. స్టూడియో చీకటి గదిలో నన్ను కడిగిన ఆయన చివర్లో కుళాయి కింద అరగంట సేపు పారే నీటిలో ఉంచాడు. ఒంట్లో హైపో మిగిలిపోతే కొన్నేళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను శుభ్రంగా ఉన్నానంటే ఆ అరగంట నీళ్ల చలవే.

నా మీదుగా పోస్టుకార్డు సైజులో నిలువు ప్రింటు ఒకటి వేశారు. నేను నలుచదరం, కాగితం నిలువు. రెండు పక్కలా కొంత కొంత పోయింది. ఆకాశం ఉన్నచోట కాగితం వట్టి తెల్లగా మిగిలింది. ఆ ప్రింటే ఫ్రేము కట్టించుకుని గోడెక్కింది. నేను బట్టర్ పేపర్ కవర్లో చుట్టుకుని బిస్కెట్ల రేకు డబ్బాలోకి, డబ్బా ట్రంకుపెట్టెలోకి, ట్రంకుపెట్టె అటక మీదికి వెళ్లాం.

ఏళ్లు గడిచిన కొద్దీ డబ్బాలోకి కొత్తవాళ్లు వచ్చారు. పెళ్లిళ్ల కాలం నాటి 35 ఎంఎం కలర్ నెగిటివ్‌లు నారింజ రంగు ఒంటితో, నాలుగేసి బొమ్మల ముక్కలుగా వచ్చాయి. టెక్సస్ వెళ్లిన చిన్నాయన పంపిన స్లైడ్లు అట్ట చట్రాల్లో బిగించుకుని వచ్చాయి. వాటిలో కొడాక్రోములు ఎక్కువ. వాటి రంగు చూసి డబ్బా అంతా ముచ్చటపడేది. గోదావరి ఊళ్లలో వానాకాలం తేమ మాకు పగ. బూజు జిలటిన్‌ని తింటుంది. పక్క కవర్లోవాళ్లలో కొందరికి సాలెగూడులా బూజు పట్టింది. నాకు అంచున ఒక మూల మాత్రమే సోకింది.

ఆనాడు తండ్రి చెయ్యి పట్టుకున్న కుర్రాడు ఇప్పుడు ఉద్యోగం నుంచి రిటైరయిన పెద్దమనిషి. ఆయన కూతురు హైదరాబాదులో పనిచేస్తుంది. సంక్రాంతికి వచ్చి అటక దులుపుతూ డబ్బా దించింది. "నాన్నా, వీటన్నిటినీ స్కాన్ చేసేద్దాం. ఏ స్కానర్ కొనాలో నేను చూస్తాను" అంది.

మొదట నన్ను ఇంట్లో ఉన్న ప్రింటరు అద్దం మీద పెట్టారు. కాగితాలు స్కాన్ చేసే మెషీను అది. కింది నుంచి వెలుగు వేసి, కాగితం మీద తగిలి తిరిగొచ్చిన వెలుగును చదువుతుంది. నేను కాగితాన్ని కాను. వెలుగు నన్ను దాటుకుని అవతలికి వెళ్లాలి. తెర మీద నేనొక నల్లటి చదరంగా పడ్డాను. తర్వాత చవగ్గా దొరికే చిన్న డబ్బాలాంటి స్కానర్ ఒకటి తెప్పించారు. అందులో ఫోన్లలో ఉండేలాంటి సెన్సర్, వెనక ఒక బల్బు. కలర్ నెగిటివ్‌లు అందులో రెండు క్షణాల్లో బొమ్మలయ్యాయి. అయితే పెళ్లికూతురి పట్టుచీర జరీ ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది, అంచులు కోసుకుపోయాయి. నేనైతే దాని కంతలో పట్టనే పట్టలేదు.

అప్పుడు అమ్మాయి డబ్బా పట్టుకుని నన్ను కడిగిన స్టూడియో పెద్దాయన ఇంటికి వెళ్లింది. కొట్టు మూసి చాలాకాలమైంది. ఆయన మాత్రం లైటు పెట్టెను ఇంకా మంచం కిందే దాచుకున్నాడు.

"తాతగారూ, ఏ మెషీను మంచిదంటారు?"

"మెషీను సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు డబ్బాలో ఏముందో చూడు" అని లైటు పెట్టె వెలిగించి, నూలు గ్లవుజులు తొడుక్కుని మమ్మల్ని మూడు వరసలుగా పేర్చాడు. మా వంటి పెద్ద 120 నలుపు తెలుపులు ఒక వరస. 35 ఎంఎం కలర్ ముక్కలు ఒక వరస. స్లైడ్లు మరో వరస. ఒక్కో కవరునీ ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. ఎసిటేట్ ఫిల్ము చెడిపోతుంటే వెనిగర్ వాసన వేస్తుంది, ఆ ఆవిరి పక్కవాటినీ చెడగొడుతుంది. అలాంటి రెండు కవర్లను విడిగా తీసి, "వీటి పని ముందు కానివ్వు, ఇవి ఆగవు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన చెప్పిన మాటలు పెట్టె మీద పడుకుని అన్నీ విన్నాను. అవి నాకు తెలిసిన నిజాలే. మనిషి నోట వినడం మాత్రం అదే మొదలు.

35 ఎంఎం బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. అంత చిన్న చోటు నుంచి గోడకు పట్టేంత బొమ్మ లాగాలంటే అంగుళానికి 4000 చుక్కలు చదవాలి. అప్పుడు రెండు కోట్ల పైచిలుకు పిక్సెళ్లు వస్తాయి. నా ఒళ్లు అంతకంటే చాలా పెద్దది. అంగుళానికి 2400 చుక్కలు చదివినా నాలోంచి రెండు కోట్ల ఎనభై లక్షల దాకా తీయవచ్చు. కాబట్టి ప్రింటరు మీదిలాంటి అద్దం పలకతో పాటు మూతలో లైటున్న మంచి ఫ్లాట్‌బెడ్ నాకు చాలు. 35 ఎంఎం వాళ్లకు అది చాలదు. వాళ్లకు ఫిల్ము కోసమే చేసిన స్కానర్ కావాలి. అట్టపెట్టె మీద 6400 అనో 7200 అనో అచ్చేసిన అంకె మెషీను ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో చెబుతుంది, ఎంత సన్నటి గీతను విడదీసి చూపగలదో చెప్పదు. ఫ్లాట్‌బెడ్లలో ఆ రెండింటికీ మధ్య తేడా చాలా ఎక్కువ. చాలావాటి అసలు చూపు ఆ అంకెలో సగం కూడా ఉండదు.

స్లైడ్ల కష్టం వేరు. వాటి నీడల్లో నలుపు ఎంత చిక్కగా ఉంటుందంటే, పడిన వెలుగులో వెయ్యో వంతు కూడా అవతలికి దాటదు. ఆ కొంచెం వెలుగును తప్పుడు చుక్కలు చేరకుండా చదవగలిగిన సెన్సర్ ఉండాలి. నాసిరకం మెషీనుకు చెట్టు కింద కూర్చున్న మనిషి చీకటి ముద్దగానే కనిపిస్తాడు.

దుమ్ము సంగతి అన్నిటికంటే ముఖ్యం. మంచి ఫిల్ము స్కానర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతోపాటు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడా ఉంటుంది. కలర్ ఫిల్ములో మిగిలేవి రంగులే, వెండి ఉండదు. ఆ రంగుల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ సాఫీగా దాటిపోతుంది. దుమ్మూ గీతా మాత్రం దాన్ని ఆపుతాయి. అలా మరక ఎక్కడుందో తెలుసుకుని మెషీనే దాన్ని పూడ్చేస్తుంది. డిజిటల్ ఐస్ అని పేరుపడింది ఈ విద్యే. నా దగ్గర ఇది పనిచేయదు. నాలో ఉన్నది అసలు వెండి. అది ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. బొమ్మనే దుమ్మనుకుని మెషీను నా ముఖాల్ని చెరిపేస్తుంది. కొడాక్రోములతోనూ ఇదే చిక్కు. వాటి నీలిరంగు ఆ వెలుగును కొంత మింగుతుంది. కాబట్టి నలుపు తెలుపు ఫిల్ము పెట్టినప్పుడు ఆ మీట ఆపేయాలి. గాలి బుడ్డితో దుమ్ము ఊది, మెత్తటి బ్రష్‌తో తుడిచి, మిగిలింది చేత్తో సరిచేసుకోవాలి.

"కూల్‌స్కాన్ గురించి చదివాను తాతగారూ" అంది అమ్మాయి. నికాన్ చేసిన ఆ మెషీన్ల మీద చాలామందికి గురి. అయితే వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో కొనాలి, బాగుచేసేవాళ్లు దొరకాలి. వాటితో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్లలో సరిగా నడవదు, వ్యూస్కాన్ లాంటిది విడిగా కొనుక్కోవాలి. ప్లస్‌టెక్ మెషీన్లు కొత్తవే దొరుకుతాయి. కాకపోతే వాటిలో చాలావాటికి ఒక్కో బొమ్మనూ చేత్తో జరుపుకోవాలి. మ్యాక్రో లెన్సున్న కెమెరా ఉంటే లైటు పలక మీద ఫిల్ము పరిచి ఫోటో తీయడం అన్నిటికంటే వేగం. అందుకు లైటు నాణ్యమైనది కావాలి, కెమెరా వాలకుండా నిలవాలి, కలర్ నెగిటివ్ నారింజ రంగును విడగొట్టి సరైన రంగు రాబట్టే ఓపిక కావాలి.

చివరికి వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. అన్నిటికీ ఒకే మెషీను కావాలని పట్టుపట్టలేదు. 120 వాళ్ల కోసం మూతలో లైటున్న ఫ్లాట్‌బెడ్ కొన్నారు. 35 ఎంఎం వాళ్ల కోసం ఇన్‌ఫ్రారెడ్ ఉన్న ఫిల్ము స్కానర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. పని అయ్యాక ఇంకో ఇంటికి అమ్మేయాలని ముందే అనుకున్నారు. మా వంటి వాళ్లు ఎన్ని ఇళ్ల అటకల మీద ఉన్నారో తలచుకుంటే, ఆ మెషీనుకు ఇంకా చాలా పని ఉంది.

నా వంతు వచ్చింది. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్నాను కదా, ముందు కవరుతో సహా లావుపాటి పుస్తకాల కింద పెట్టి చదును చేశారు. వంకర ఉంటే ఫోకస్ కుదరదు. నన్ను నేరుగా అద్దానికి ఆనిస్తే నూనె తేలినట్టు రంగుల వలయాలు పడతాయి. అందుకని హోల్డర్లో బిగించి, అద్దానికి కాస్త ఎత్తులో నిలబెట్టారు. మూత మూసుకుంది. వెనక నుంచి తెల్లటి వెలుగు గీత మెల్లగా నా మీదుగా జరిగింది. రేవులో ఆనాడు వెలుగు దూసుకుపోయింది. ఇప్పుడు వరసలు వరసలుగా, తొందరలేకుండా చదువుతోంది. 16 బిట్‌లలో, టిఫ్ ఫైలుగా దాచారు.

తెర మీద నన్ను తిరగేసి నలుపును తెలుపు, తెలుపును నలుపు చేయగానే, గోడ మీది ప్రింటులో వట్టి తెల్లగా ఉన్న ఆకాశంలోంచి హేవ్‌లాక్ వంతెన బయటికొచ్చింది. ఒక్కో స్తంభం, వాటి మీద ఇనుప కమ్మీలు. కాగితానికి అందనంత చిక్కటి నలుపులో నేను దాన్ని దాచుకుని ఉన్నాను. 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ వంతెన నా దగ్గర ఇంకా పనిలోనే ఉంది.

ఆ తర్వాత అమ్మాయి నాన్న కన్ను ఎడమ అంచున ఆగింది. నిలువు ప్రింటు కోసం కోసేసిన చోటు అది. అక్కడ ఒడ్డు మెట్టు మీద ఒకావిడ నిలబడి ఉంది. రెండు చేతుల మీదా అందరి పొడిబట్టలూ మోస్తూ, ఎండకు కళ్లు చికిలించి పిల్లల వైపు చూస్తోంది. క్లిక్ త్రీ సాదా కటకం అంచుల్లో కాస్త మసకగా ఉంటుంది. అయినా మనిషి తెలుస్తూనే ఉంది.

"అమ్మ" అన్నాడాయన. "ఆ రోజు అమ్మ ఫోటోలో లేదనే అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ."

అమ్మాయి ఇంకా దగ్గరికి జరిపింది. "మామ్మేనా నాన్నా! ఆ పక్కన గొడుగు పట్టుకున్నదెవరు?"

ఆయన చెబుతూ పోయాడు. ఆమె ఫైలు వివరాల్లో పేర్లు, ఊళ్లు, వరసలు, రేవు పేరు, సంవత్సరం టైపు చేస్తూ పోయింది. టిఫ్‌లను రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టింది. ఒకటి ఇక్కడ, ఒకటి హైదరాబాదులో. వాట్సాప్ కోసం చిన్న జేపెగ్‌లు వేరే చేసింది. మమ్మల్ని ఆమ్లం లేని కొత్త కవర్లలో, తేమ తగలని చోట పెట్టారు. రేపు ఇంతకంటే మంచి చూపున్న మెషీను వస్తే మళ్లీ చదివించుకోవడానికి నేను సిద్ధం. ఫైలు చెడితే దానికి మూలాన్ని నేనే. కాబట్టి స్కాన్ అయిందని మమ్మల్ని చెత్తలో వేయకండి.

మీ ఇంట్లోనూ మా వాళ్ల డబ్బా ఉంటే ఒక మాట చెబుతాను. వెనిగర్ వాసన వేసేవాళ్లు ఆగలేరు, వాళ్లకు తొందరపడండి. మిగతావాళ్లం ఇంకొన్నాళ్లు ఓపిక పడతాం. స్కానర్ ఏదో తీరిగ్గా ఎంచుకోండి. నాలుగు చోట్ల అడగండి, అద్దెకు దొరికితే చూసి మరీ తీసుకోండి. ఏ మెషీను అయినా నాలో ఉన్న వెలుగునీ నీడనీ మాత్రమే చదువుతుంది. గొడుగు పట్టుకున్నది ఎవరో చెప్పలేదు. అది చెప్పగలిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే మమ్మల్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూపించండి. పక్కన కాగితం, కలం పెట్టుకోండి.