కోమో వెళ్తే సరస్సుకు వీపు పెట్టండి

మిలాన్ కడోర్నా స్టేషన్‌లో కోమో రైలెక్కిన యాత్రికులు ఆఖరి స్టేషన్ కోమో లాగో దాకా వెళ్తారు. మీరు అంతదూరం పోవద్దు. దానికి ముందొచ్చే బోర్గీలో దిగిపోండి. అక్కణ్ణుంచి నీళ్లు కనబడవు. ఆ స్టేషన్ పేరు చెప్పడానికి కారణం అదే.

సరస్సు బాగుండదని కాదు, మరీ బాగుంటుంది. నాలుగువందల మీటర్లకు పైగా లోతున్న ఆ నీళ్లూ, వాటి మీదకు ఒరిగిన కొండలూ కంటబడ్డాక మనిషి ఇంకేదీ చూడడు. ఫొటోలు తీసుకుంటాడు, పడవెక్కి బెల్లాజో పోతాడు, చీకటిపడే వేళకు మిలాన్‌లో ఉంటాడు. రెండువేల ఏళ్ల ఊరు ఊరంతా అతని వీపు వెనకే ఉండిపోతుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఊరివైపు ముఖం తిప్పండి, వీపు సరస్సుకు పెట్టండి.

వెళ్లడానికి నవంబరు మంచిది. ముసురు పట్టి మబ్బు కిందికి దిగితే ఎదుటి ఒడ్డు కూడా మాయమవుతుంది, మీకు ఆశపెట్టేదేమీ మిగలదు. హోటల్లో సరస్సు కనబడే గది ఇస్తామంటే వద్దనండి, పెరటివైపు గది అడగండి.

బోర్గీ నుంచి కాస్త నడిస్తే పోర్తా తోర్రె వస్తుంది. 1192లో కట్టిన 40 మీటర్ల కోట బురుజు. బయట నిలబడి చూస్తే అంతా మూసుకున్న రాతిగోడ, సన్నటి కంతలు. కిందినుంచి దాటి లోపలికెళ్లి వెనక్కి తిరగండి. అదే బురుజు ఊరివైపు అంతస్తంతస్తుకీ జంట కమానులతో తెరుచుకుని ఉంటుంది. మిలాన్ దారికి గోడ, సొంత ఊరికి కిటికీలు. ఎందుకో తెలియాలంటే 1127 గుర్తుంచుకోవాలి. పదేళ్ల యుద్ధం తర్వాత ఆ ఏడాది మిలాన్‌వాళ్లు కోమోను నేలమట్టం చేశారు. ఈ బురుజు దగ్గర అరగంటైనా ఉండండి.

కేథడ్రల్ మొదలైంది 1396లో. లోపలికెళ్లే తొందర పెట్టుకోకండి, వెళ్లకపోయినా ఫర్వాలేదు. పెద్ద తలుపుకు అటూ ఇటూ రాతి గూళ్లలో ఇద్దరు కూర్చుని ఉంటారు. పెద్ద ప్లినీ, చిన్న ప్లినీ. ఇద్దరూ ఈ ఊళ్లో పుట్టిన రోమన్ రచయితలు, క్రైస్తవులు కారు. అయినా చర్చి ముఖద్వారం దగ్గరే పీట వేశారు. పెద్దాయన క్రీ.శ. 79లో వెసువియస్ పేలినప్పుడు పోయాడు. మనవాడన్న అభిమానం మతాన్ని కూడా పక్కకు జరిపిన చోటు నాకు ఇంతకన్నా గొప్పది తెలియదు. తర్వాత ఉత్తరపు తలుపు దగ్గరకెళ్లి, చెక్కడాల మధ్య దెబ్బతిన్న కప్ప బొమ్మ ఎక్కడుందో వెతకండి. ఎవరినీ అడక్కండి.

బ్యాటరీ కనిపెట్టిన ఓల్టా స్మారక మందిరం సరిగ్గా నీళ్ల ఒడ్డునే ఉంది కాబట్టి నా లెక్కలో అది రెండోది. 1899లో బ్యాటరీ నూరేళ్ల ప్రదర్శన నిప్పంటుకుని కాలిపోయింది. ఆయన వాడిన పరికరాలు చాలామటుకు అందులోనే పోయాయి. మందిరంలో ఉన్నవి మిగిలినవి కొన్ని, తిరిగి చేసినవి కొన్ని. మీరు ముందు ఊరి గోడ మూలనున్న గత్తోనీ బురుజుకు వెళ్లండి. కుర్ర ఓల్టా ప్రయోగాలు నేర్చుకున్నది అక్కడే, స్నేహితుడి ప్రయోగశాలలో. లండన్ రాయల్ సొసైటీకి బ్యాటరీ సంగతి రాసిన 1800 మార్చి 20 నాటి ఉత్తరం కూడా కోమో నుంచే వెళ్లింది.

పొద్దున్నంతా పట్టు మ్యూజియానికివ్వండి. ధర్మవరం, పోచంపల్లి మగ్గాలు చూసి పెరిగినవాళ్లకు అక్కడ వివరించేవాళ్లు అక్కర్లేదు. పురుగుల పెంపకం నుంచి దారం తీయడం, పురి పెట్టడం, రంగు, అచ్చు దాకా పాత యంత్రాలన్నీ వరసగా ఉంటాయి. ఇప్పుడు కోమోకు ముడిపట్టు ఎక్కువగా చైనా నుంచి వస్తుంది, ఊరి పనితనమంతా రంగులోనూ అచ్చులోనూ ఉంది.

కేథడ్రల్ వెనక, రైలు పట్టాలు దాటాక, వాస్తుశిల్పి తెర్రాన్యి 1932-36 మధ్య కట్టిన కాసా దెల్ ఫాషో చూడండి. ముస్సోలినీ పార్టీ కార్యాలయంగా కట్టారు, తర్వాత ఆర్థిక పోలీసుల చేతికొచ్చింది. పుట్టిన పని చెడ్డదే. అయినా 33.2 మీటర్ల చదరం, సరిగ్గా అందులో సగం ఎత్తు, నాలుగు వైపులా నాలుగు రకాల ముఖాలు. చుట్టూ ఒకసారి నడవండి.

భోజనానికి మిస్సోల్తీని అడగండి. ఉప్పుపెట్టి, ఎండబెట్టి, డబ్బాల్లో నొక్కి ఉంచిన చేపలను కాల్చి, వెనిగర్ చల్లి, పొలెంతాతో, అంటే మొక్కజొన్న సంకటితో, పెడతారు. సరస్సు ఇచ్చినదాంట్లో నేను వద్దనని ఒక్కటి అదే. మాంసం, చేప ముట్టనివాళ్లు పొలెంతా ఉంచా తినండి, వెన్న, చీజ్, వెల్లుల్లి దండిగా పడతాయి.

పిల్లలు పడవంటూ మారాం చేస్తే బ్రునాతే కొండకు ఫ్యునిక్యులర్ ఎక్కించండి. 1894 నుంచీ నడుస్తోంది. ఒకే తీగకు రెండు పెట్టెలు, ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. ఏడు నిమిషాల దారి. అందరూ కింది చివరకు తోసుకుంటారు, మీరు పై చివర నిలబడండి. సగం దారిలో ఒంటి పట్టా రెండుగా చీలి, ఎదురొచ్చే పెట్టె పక్కనుంచి జారిపోవడం అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది. తెరిపిచ్చిన పూటైతే పైన ఓల్టా లైట్‌హౌస్ 143 మెట్లెక్కి పడమటి వైపు చూడండి, మోంతే రోజా పర్వతం మంచుతో కనబడుతుంది. దిగేటప్పుడు నడవకండి, కాలిబాట పొడవునా నీళ్లే కళ్లకు ఎదురొస్తాయి. రిటర్న్ టికెట్ ముందే తీసుకుని, మళ్లీ పై చివరే నిలబడండి.