ముందు బిర్యానీ, తర్వాతే పక్షి

సంక్రాంతి సెలవులకు పులికాట్ సరస్సుకు వెళ్లి ఫ్లెమింగోలను చూడాలని మనవాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టారు. టిఫిన్ నాయుడుపేటలోనా, సూళ్లూరుపేటలోనా అన్నది తేలేసరికే వారాలు గడిచాయి. బైనాక్యులర్ మాటెత్తిన అమాయకుడికి 'ఫోన్లో జూమ్ ఉందిగా బావా' అని జవాబొచ్చింది.

ఫ్లెమింగో తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, వంకర ముక్కుతో బురద వడకట్టుకుని తింటుంది. మనవాళ్లు కారు డోర్లు బార్లా తెరిచి మాస్ పాట పెట్టగానే, తిండి సగంలో వదిలేసి గులాబీ గుంపంతా తమిళనాడు వైపు లేస్తుంది. సరస్సు రెండు రాష్ట్రాలదీ కాబట్టి దానికి ఆ సదుపాయం ఉంది. పక్కనే నేలపట్టులో మాత్రం, గూడబాతుల రెట్ట కలిసిన చెరువునీరు పొలాలకు బలమని ఊరివాళ్లు వాటి జోలికే పోరు. అక్కడ డీజే లేకపోవడం పర్యాటకుల దృష్టిలో పెద్ద లోటు!

తిమింగలాలా? అవీ ప్లాన్‌లో ఉన్నాయి. శ్రీలంకలోని మిరిస్సా తీరం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాల సీజన్. 20 మీటర్లు దాటే జీవి ఊపిరికి పైకొచ్చి, తోక చూపించి, మళ్లీ మునిగిపోతుంది. సరిగ్గా అప్పుడే మన యాత్రికుడు పడవ అంచున వంగి పొద్దుటి ఇడ్లీలను సముద్రానికి అప్పజెబుతుంటాడు. కడుపు గట్టిగా ఉన్నవాడు తిమింగలానికి వీపు తిప్పి సెల్ఫీ దిగుతుంటాడు.

గ్రూపులో తాజా ఓటింగ్: వచ్చేటప్పుడు చెన్నైలో చీరలు ఎక్కడ కొనాలి? ఈసారి ఒక్కరూ ఓటు మానలేదు.