యాంటీడిసెస్టాబ్లిష్మెంటేరియన్: సటీకా తాత్పర్యం

మూలం॥ యాంటీడిసెస్టాబ్లిష్మెంటేరియన్ బిషప్పు.

అవతారిక॥ ఇంగ్లండులో చర్చికి రాజే పెద్ద అని 1534లో ఎనిమిదో హెన్రీ కాలాన చట్టమైంది. 19వ శతాబ్దిలో ఆ ముడి విప్పాలని కొందరు, కూడదని కొందరు. కూడదన్నవారికి తగిలిన విశేషణమిది.

ప్రతిపదార్థం॥ ఎస్టాబ్లిష్ = స్థాపించు; మెంట్ = ఆ స్థాపన, ఇక్కడ రాజ్యంతో చర్చికి గల చట్టబంధం అని గ్రహించేది; డిస్ = దానిని ఊడదీయుటను; యాంటీ = ఎదిరించునట్టి; ఏరియన్ = పక్షమునకు చెందిన; బిషప్పు = బిషప్పే.

తా॥ చర్చిని రాజ్యం నుంచి విడదీయరాదనే బిషప్పు అని భావం. ఐర్లండులో 1871లో, వేల్సులో 1920లో ఆ బంధం తెగనే తెగింది. ఇంగ్లండులో నిలిచింది, 26 మంది బిషప్పులు నేటికీ ప్రభువుల సభలో కూర్చుంటున్నారు.

అన్వయం॥ మొదటి నుంచి చదివితే చిక్కదు, నడుమ నుంచి పట్టాలి. 'డిస్' పూర్వపక్షం, 'యాంటీ' దాని ఖండనం. రెండు నిషేధాలు కలిస్తే అసలర్థమే మిగులుతుంది కదా, రెండూ కొట్టేయవచ్చు కదా అంటే, వీలుకాదు. ఊడదీస్తామని ఒకరు లేవకపోతే అడ్డుపడేవాడికి పనేముంది?

వ్యాకరణం॥ యాంటీ గ్రీకు, డిస్ లాటిన్, మెంట్ ఫ్రెంచి దారిన వచ్చింది. మన లాక్షణికులైతే వైరి సమాసమని వేటు వేసేవారు. 'ఎస్టాబ్లిష్'లో దాగిన లాటిన్ 'స్టా' ధాతువు మాత్రం మన 'స్థా'కు దాయాదే.

ఛందస్సు॥ గురులఘువులు వేస్తే త, మ, త గణాలు, చివర గురువు. పది అక్షరాలు గనుక పంక్తి ఛందం. కాని ఇది తెలుగు నోటి లెక్క. ఇంగ్లీషువారు మాత్రలు చూడరు, ఊనిక చూస్తారు. 'ఎస్టాబ్లిష్'లో ఊనిక 'స్టా' మీద. 'మెంట్' నెమ్మదైన కోడలు, ఇంటికొచ్చినా సామాను కదపదు. 'ఏరియన్' అలా కాదు, గడప దాటగానే ప్రధానమైన ఊనికను 'టే' మీదికి లాక్కుంటుంది. 'పార్లమెంట్' మొదటి అక్షరం మీది ఊనిక 'పార్లమెంటేరియన్'లో వెనక్కి జారడం ఈ దౌర్జన్యం వల్లనే.

దోషం॥ తగవంతా 'యాంటీ'కీ 'డిస్'కీ నడుమ. గొంతు లేచేది మాత్రం ఆ తగవులో ఏ పాత్రా లేని తోక మీద. ఇది ఔచిత్యభంగం. దిద్దే అధికారం వ్యాఖ్యాతకు లేదు.